పదో తరగతి పాప ముభావంగా మారింది, కారణం ఎక్కడ వెతకాలి?

ప్రశ్న:

గుంటూరు జిల్లా నుంచి ఒక తల్లి రాసిన పెద్ద ఉత్తరం ఇది. ఆమె అనుమతితో, పేర్లూ ఊరూ తీసేసి, కుదించి ఇస్తున్నాను.

ఆమెకు ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయికి పదిహేనేళ్లు, పదో తరగతి. ఎనిమిది దాకా ఊళ్లోని జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివింది. క్లాసులో ఎప్పుడూ ఫస్టో సెకండో. ఖోఖో బాగా ఆడేది. "ఇంత బాగా చదివే పిల్లని ఇక్కడే ఉంచితే మనమే అన్యాయం చేసినట్టు" అని తండ్రి అప్పు చేసి, తొమ్మిదిలో విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ స్కూల్లో చేర్పించారు. అక్కడ మార్కుల్ని బట్టి సెక్షన్లు. మొదట పై సెక్షన్‌లో వేశారు. ఈ దసరాకి ముందు పెట్టిన పరీక్షలో మార్కులు తగ్గాయని, క్లాసు మధ్యలో పేరు పిలిచి, బ్యాగు సర్దుకుని కింది సెక్షన్‌కి వెళ్లమన్నారు. చామనఛాయగా ఉంటుందని తోటి పిల్లలు ఒక పేరు పెట్టి పిలుస్తారట. హాస్టల్లో పొద్దున 5 గంటలకు లేపుతారు, రాత్రి 11 దాకా స్టడీ అవర్.

పోయిన వేసవిలో నానమ్మ చనిపోయింది. పుట్టినప్పటి నుంచి ఆ పిల్ల పడుకున్నది నానమ్మ పక్కలోనే. పదో తరగతి క్లాసులు వేసవిలోనే మొదలుపెట్టడంతో, పెద్దకర్మ అవగానే హాస్టల్‌కి పంపేశారు.

సంక్రాంతి సెలవులకి వచ్చిన పాపని చూసి తల్లికి భయం వేసింది. వాకిట్లో ముగ్గు తనే వెయ్యాలని ఏటా తమ్ముడితో, పక్కింటి పిల్లలతో పోట్లాడే పిల్ల ఈసారి గుమ్మం దాటి రాలేదు. అరిసెలు ప్లేటులో పెట్టి గదిలో ఉంచితే సాయంత్రానికి చీమలు పట్టాయి. పగలంతా పడక, రాత్రి రెండింటికి చూసినా కళ్లు తెరుచుకునే ఉంటుంది. తమ్ముడి మీద అయినదానికీ కానిదానికీ అరుపులు. కడుపునొప్పి, తలనొప్పి. స్కానింగ్ చేయిస్తే ఏమీ లేదన్నారు, గ్యాస్ బిళ్లలు రాశారు. సెలవులు అయిపోయినా హాస్టల్‌కి వెళ్లనంటోంది. మంచం సర్దుతుంటే తలగడ కింద రఫ్ నోట్‌బుక్ కనిపించింది. అందులో ఒక చోట, "నేను లేకపోతే వీళ్లందరికీ ఖర్చు తగ్గుతుంది" అని రాసుంది.

తండ్రి మాట: "సెలవుల్లో ఫోన్ ఇచ్చాం, అదే చేటు. బద్ధకం. సోమవారం తీసుకెళ్లి దింపేస్తా." ఆడపడుచు మాట: "పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే రేపు సంబంధాలు రావు, తాయెత్తు కట్టిద్దాం." తల్లి ఇంకొకటి కూడా రాశారు. బాబు పుట్టాక ఏడాది పాటు తనకీ ఇలాగే ఉండేదట, ఎవరికీ చెప్పలేదు. ఆమె తమ్ముడు డిప్రెషన్‌కి కొన్నేళ్లుగా మందులు వాడుతున్నాడు. చివరికి ఆమె అడిగింది ఇది: "నా రక్తం వల్లే వచ్చిందా? హాస్టల్ వల్లా? ఫోన్ వల్లా? అత్తయ్య పోవడం వల్లా? ఏది కారణమో చెప్పండి, దాన్నే సరిచేసుకుంటాం."

జవాబు:

అమ్మా, ఆ నోట్‌బుక్‌లోని వాక్యం చదివాక ఇక్కడ జవాబు రాసేదాకా ఆగడం కుదరలేదు. మీరిచ్చిన నంబరుకి ఫోన్ చేసి మాట్లాడాను. ఆ రోజు చెప్పిందే ముందుగా మళ్లీ రాస్తున్నాను. ఇలాంటి నోట్‌బుక్ మరో ఇంట్లో తలగడ కింద ఉండొచ్చు, ఆ ఇంటి వాళ్లూ ఇది చదవొచ్చు.

కారణం ఏదని తేల్చడం తర్వాత. ముందు పాపని అడగాలి, అదీ సూటిగా. "నీ పుస్తకంలో రాసింది చూశాను. నిన్ను అడక్కుండా చూశాను, అది తప్పే. కానీ చదివాక నాకు నిద్ర పట్టలేదు. నీకు చచ్చిపోవాలని అనిపిస్తోందా?" ఈ మాట నోటితో అనడానికి ఏ తల్లికైనా గొంతు పెగలదు. లేని ఆలోచన మనమే పుట్టించినట్టవుతుందేమో అని భయం కూడా. అలా జరగదు. దీని మీద పరిశోధనలు చాలా జరిగాయి, అడగడం వల్ల ఆ ఆలోచన పెరగదనే అవి చెబుతున్నాయి. అడిగినప్పుడు చాలామంది పిల్లలు ఏడుస్తారు, ఒక్కదాన్నే మోస్తున్న బరువు ఇంకొకరు పట్టుకున్నారని.

అడిగాక మీరు చెయ్యవలసింది ఒకటే, మాట్లాడకుండా వినడం. "మేం నీకేం తక్కువ చేశాం", "అలాంటి మాటలు అనకూడదు", "మా గురించి ఆలోచించావా" అనేవి ప్రేమతోనే వస్తాయి. కానీ అవి వినగానే పిల్ల మళ్లీ నోరు మూసుకుంటుంది. "చెప్పు, వింటున్నాను" అనండి, చాలు. అనిపిస్తోందని అంటే, ఎప్పటి నుంచి, ఎప్పుడెప్పుడు, ఏదైనా చేసుకోవాలని అనుకుందా అని కూడా అడగండి. ఎలా, ఎప్పుడు అని ఒక లెక్క వేసుకుని ఉంటే అది ఎమర్జెన్సీ. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, ఒంటరిగా వదలకూడదు. అర్ధరాత్రి అయినా 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలి మానస్, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. పాప మాట్లాడనంటే మీరే మాట్లాడండి. తల్లిదండ్రులూ చెయ్యొచ్చు.

ఇంకో పని. మిర్చి పొలానికి కొట్టే మందు డబ్బాలు ఇంట్లో గానీ పశువుల కొట్టంలో గానీ ఉంటే అక్కడి నుంచి తీయించెయ్యండి. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ బీరువాలో పెట్టి తాళం మీ దగ్గర ఉంచుకోండి. పాప ఏమని జవాబు చెప్పినా సరే ఈ పని చెయ్యండి. ఆ ఆలోచన తీవ్రంగా వచ్చే సమయం చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది. అప్పుడు చేతికి ఏదీ అందకపోతే ఒక ప్రాణం నిలుస్తుంది.

ఇప్పుడు మీ ప్రశ్న దగ్గరికి వస్తాను. ఏది కారణం?

ఏదో ఒక్కటి కాదమ్మా. మీరు నాలుగు కారణాలు రాసి ఒకదానికి టిక్కు పెట్టమన్నారు. డిప్రెషన్ అలా రాదు. చెరువు కట్ట తెగితే ఆఖరి రోజు పడ్డ వాన ఒక్కటే కారణం కానట్టే, ఇదీ కొన్ని పోగుపడితే వస్తుంది. వైద్యులు వీటిని రిస్క్ ఫ్యాక్టర్లు అంటారు. ఒకటున్నంత మాత్రాన జబ్బు వస్తుందని కాదు. ఒకదాని మీద ఒకటి చేరేకొద్దీ వచ్చే అవకాశం పెరుగుతుంది. మీ ఉత్తరంలో మీరు అడిగిన నాలుగే కాదు, మీరు గమనించనివి కూడా కనిపిస్తున్నాయి.

మొదట మిమ్మల్ని నిద్రపోనివ్వనిది చెప్తాను. తల్లికో తండ్రికో డిప్రెషన్ వచ్చి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం మామూలు కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. ఇది నిజం, మీ దగ్గర దాచను. కానీ అది రాసిపెట్టి ఉన్న రాత కాదు. అదే రక్తం మీ బాబుకీ ఉంది, వాడు వీధిలో క్రికెట్ ఆడుకుంటున్నాడని మీరే రాశారు. పుట్టుకతో వచ్చేది కొంచెం పలచని చర్మం లాంటి సున్నితత్వం మాత్రమే, గాయం చాలాసార్లు బయటి నుంచే తగులుతుంది. మీ పాపకు తగిలినవి ఒకటీ రెండూ కాదు. అయినా రక్తం సంగతి తెలియడం వల్ల ఒక మేలుంది. మీ తమ్ముడు వాడుతున్న మందు పేరు ఒక కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. దగ్గరి బంధువులకు ఏ మందు పనిచేసిందో తెలిస్తే డాక్టరుకి అది ఉపయోగపడుతుంది. బాబు పుట్టాక మీరు పడ్డ అవస్థ కూడా చెప్పండి. ప్రసవం తర్వాత చాలామంది ఆడవాళ్లకు వచ్చే జబ్బే అది, మీరు తప్పు చేసి తెచ్చుకున్నది కాదు.

రెండోది వయసు. చిన్నప్పుడు ఆడపిల్లలకూ మగపిల్లలకూ డిప్రెషన్ దాదాపు సమానంగానే ఉంటుంది. పెద్దమనిషి అయ్యాక ఆడపిల్లల్లో దాదాపు రెట్టింపు అవుతుంది. హార్మోన్లు కొంత, చుట్టూ ఉన్నవాళ్లు ఆ వయసు పిల్ల ఒంటి గురించి, రంగు గురించి అనే మాటలు కొంత. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13-17 ఏళ్ల వాళ్లలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. అంటే నలభై మంది ఉన్న క్లాసులో ముగ్గురు దాకా. మీ పాప ఒక్కతే కాదు. ఆ విషయం పాపకి కూడా తెలియాలి.

మూడోది నానమ్మ. దీని గురించి మీరు ఉత్తరంలో రెండు వాక్యాలే రాశారు, కానీ నా దృష్టి అక్కడే ఆగిపోయింది. పుట్టినప్పటి నుంచి ఎవరి పక్కలో పడుకుందో ఆ మనిషి పోయింది. పెద్దకర్మ అయీ అవగానే, ఆవిడని ఎప్పుడూ చూడని నలభై మంది మధ్యకి పిల్లని పంపేశారు. పెద్దవాళ్లకి దుఃఖం తీర్చుకోవడానికి వచ్చేపోయే బంధువులు ఉంటారు, నెలమాసికాలు ఉంటాయి, ఆవిడ చీర ముట్టుకుని ఏడవడానికి ఒక బీరువా ఉంటుంది. ఈ పిల్లకి అవేమీ దొరకలేదు. హాస్టల్లో లైట్లు ఆర్పాక ఏడ్చి ఉంటుంది, లేకపోతే ఏడవడమే మానేసి ఉంటుంది. మీరూ మీవారూ పాపని కూర్చోబెట్టుకుని నానమ్మ గురించి మాట్లాడండి. ఫొటో తీయండి. ఏడిస్తే ఏడవనివ్వండి. సంవత్సరీకానికి పాప ఇంట్లో ఉండేలా చూడండి, పరీక్షలున్నా సరే.

ఇక సెక్షన్ల సంగతి. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఊళ్లో ఎప్పుడూ ఫస్టో సెకండో వచ్చిన పిల్ల. తనెవరో తనకి తెలిసింది మార్కుల ద్వారానే. అలాంటి పిల్లని క్లాసు మధ్యలో లేపి, అందరూ చూస్తుండగా బ్యాగు సర్దించి పంపడమంటే, "నువ్వు అనుకున్న మనిషివి కావు" అని చాటింపు వెయ్యడమే. దాని మీద రంగు గురించి పెట్టిన పేరు. అటు చదువులో చోటు పోయింది, ఇటు తోటివాళ్లలో చోటు లేదు. హైస్కూలు పిల్లల డిప్రెషన్ మీద చేసిన చాలా అధ్యయనాల్లో తోటి పిల్లల వేధింపు అన్నది ముందు వరసలోనే కనిపిస్తుంది. మీరు దాన్ని "పిల్లలు ఏదో ఆటపట్టిస్తారు" అని రాశారు. రోజూ, అందరూ, ఒక్కదాన్నే అంటుంటే అది ఆటపట్టించడం కాదు.

ఈ విషయంలో మీ చేతిలో ఒక ఆధారం ఉంది. 2023లో విశాఖపట్నంలో ఉండి నీట్‌కి చదువుతున్న పదిహేడేళ్ల అమ్మాయి చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పిస్తూ, విద్యాసంస్థలన్నీ పాటించాల్సిన మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలంది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయడం, అందరి ముందు అవమానించడం, పిల్లల శక్తికి మించిన టార్గెట్లు పెట్టడం వీలైనంత వరకూ మానాలని కూడా చెప్పింది. మీవారు ప్రిన్సిపాల్‌ని కలిసినప్పుడు బతిమాలుతున్నట్టు కాకుండా, "మీ స్కూల్లో కౌన్సెలర్ ఎవరండీ, మా పాపని ఎన్నిసార్లు చూశారు?" అని అడగొచ్చు.

నిద్ర లెక్క చూడండి. 11 నుంచి 5 దాకా ఆరు గంటలు. ఈ వయసు పిల్లలకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రోజుకి రెండు గంటల లోటు రెండేళ్ల పాటు పడితే ఎంత ఉత్సాహంగా ఉండే పిల్లయినా వాడిపోతుంది. చదివింది బుర్రలో నిలవదు, మార్కులు తగ్గుతాయి, తగ్గాయని ఇంకో గంట మేలుకుంటారు. ఖోఖో కూడా అప్పుడే పోయింది. సాయంత్రం చెమట పట్టేలా ఆడి, స్నేహితులతో అరుచుకుంటూ ఇంటికి రావడం అనేది మనసుకి రక్షణ. పైసా ఖర్చు లేని రక్షణని తీసేసి, అప్పు చేసి ఫీజు కట్టాం మనం.

అప్పు అంటే గుర్తొచ్చింది. పాప రాసుకున్నది ఖర్చు గురించి. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకోండి. వడ్డీ గురించి మీరిద్దరూ రాత్రిపూట మాట్లాడుకున్నది విని ఉంటుంది. "నీ కోసం ఇంత పోస్తున్నాం" అని ఎవరో ఒకసారి అని ఉంటారు. మధ్యతరగతి ఇళ్లలో అందరూ అనే మాటే. మనసు బాగున్న రోజుల్లో పిల్లలు దాన్ని పట్టించుకోరు, కుంగిపోయి ఉన్నప్పుడు అదే తమ మీద తీర్పు అనుకుంటారు. "ఫీజు మా లెక్క, నీకు సంబంధం లేదు. నువ్వు ఉండడమే మాకు కావాలి" అని తండ్రి నోటి నుంచి రావాలి. మీరు చెబితే సగమే ఎక్కుతుంది.

ఫోన్ గురించి మీవారి మాట పూర్తిగా కొట్టిపారెయ్యను. రాత్రి రెండింటిదాకా చూస్తే నిద్ర చెడుతుంది. కానీ పాప హాస్టల్లో ఉన్నన్నాళ్లూ చేతిలో ఫోనే లేదు. కుంగుబాటు అక్కడే మొదలైంది. రాత్రి పదింటికి ఇంట్లో అందరి ఫోన్లూ, మీవారిది కూడా, హాల్లో చార్జింగ్‌కి పెట్టేస్తే చాలు.

ఉత్తరంలో లేనిది ఒకటి అడగాలి, బాధపడకండి. హాస్టల్లో గానీ, బంధువుల్లో గానీ, బస్సులో గానీ ఎవరైనా పాపతో తప్పుగా ప్రవర్తించారా? హఠాత్తుగా మారిపోయిన పిల్లల్లో కొందరి వెనక ఇది ఉంటుంది, అడగనిదే బయటికి రాదు. "నీతో ఎవరైనా నీకు ఇష్టం లేకుండా మాట్లాడినా, ముట్టుకున్నా నాకు చెప్పు, తప్పు నీది కాదు" అని ఒకసారి చెప్పి వదిలెయ్యండి, గుచ్చిగుచ్చి అడగొద్దు. ఉందని అంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పొచ్చు. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం అలాంటి వాటికే ఉంది.

ఇంతకీ ఇది డిప్రెషనేనా? డాక్టరు చూడకుండా నేను తేల్చి చెప్పకూడదు. రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉండడం, ఇష్టమైనవాటి మీద ఇష్టం పోవడం, నిద్ర, ఆకలి మారిపోవడం, దేనికీ పనికిరాననుకోవడం, ధ్యాస నిలవకపోవడం, ఇవి రెండు వారాలకి మించి ఉంటే చూపించాలి. పెద్దవాళ్లు దిగులుగా కనిపిస్తారు, పిల్లలు చాలాసార్లు చిరాకుగా కనిపిస్తారు. తమ్ముడి మీద అరుపులు అవే. ఈ వయసులో కుంగుబాటు కడుపునొప్పిలాగా, తలనొప్పిలాగా కూడా బయటపడుతుంది. నొప్పి నటన కాదు, స్కానింగ్‌లో కనబడదంతే. అదే సమయంలో ఒక రక్తపరీక్ష కూడా చేయించండి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. థైరాయిడ్ తక్కువైనా ఇలాంటి నీరసమే, ఇలాంటి దిగులే. హీమోగ్లోబిన్, థైరాయిడ్ చూపిస్తే సగం అనుమానం తీరుతుంది.

ఎక్కడికి వెళ్లాలంటే, గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రులు రెండింటిలోనూ మానసిక వైద్య విభాగం ఉంది, ఓపీలో చూపించుకోవచ్చు. స్తోమత ఉంటే ప్రైవేటులో సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లొచ్చు. సమస్య తీవ్రంగా లేకపోతే వారం వారం కౌన్సెలింగ్‌తో మొదలుపెడతారు. కొంచెం ఎక్కువగా ఉంటే మందు కూడా రాస్తారు. రాస్తే భయపడొద్దు, కానీ కొన్ని విషయాలు తెలుసుకోండి. డిప్రెషన్ మందు తలనొప్పి బిళ్లలా గంటలో పనిచెయ్యదు, నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారాల్లో కొందరు పిల్లల్లో అలజడి, చనిపోవాలనే ఆలోచనలు పెరగొచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లోనే హెచ్చరిక పెట్టింది. అందుకని మందు వెయ్యకుండా ఉండకూడదు, వేస్తూ దగ్గరుండి చూసుకోవాలి, తేడా కనిపిస్తే వెంటనే డాక్టరుకి చెప్పాలి. బాగుందని నెలకే మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఇవి మత్తుమందులు కావు, అలవాటు పడిపోయేవీ కావు.

ఆడపడుచు గారి భయం కూడా ప్రేమలోంచి వచ్చిందే, ఆవిడతో గొడవ పడకండి. ఆవిడకి చెప్పడానికి ఒక మాట: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వైద్యం వివరాలు గోప్యంగా ఉంచడం రోగి హక్కు. చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప ఆసుపత్రి బయటికి చెప్పకూడదు. తాయెత్తు కడితే మనసుకి ధైర్యం అనుకుంటే కట్టుకోండి, నేనేమీ అనను. కానీ డాక్టరు దగ్గరికి వెళ్లడం దాని కోసం ఒక్క రోజు కూడా ఆగకూడదు. పెళ్లి సంబంధాలు ఇంకో పదేళ్ల సంగతి.

ఇక మీ ఇంట్లో అందరూ తేల్చుకోవలసిన ప్రశ్న, హాస్టల్‌కి పంపాలా వద్దా. సోమవారం దింపేయడం మాత్రం వద్దని గట్టిగా చెబుతాను, డాక్టరు చూసేదాకా. ఆ తర్వాత మీ ముందు మూడు దారులున్నాయి, మూడింటికీ దేని ఖర్చు దానికుంది.

ఇంట్లోనే ఉంచి, ఆ స్కూలు పేరు మీదే మార్చిలో పరీక్ష రాయించొచ్చు. ఈపాటికి నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసేవాళ్ల జాబితాలు, వెళ్లిపోయి ఉంటాయి కాబట్టి ఇప్పుడు స్కూలు మార్చడం కష్టం. పేరు అక్కడే ఉంచి, డాక్టరు సర్టిఫికెట్‌తో హాజరు మినహాయింపు అడగండి. స్కూలు వాళ్లు బెదిరించినట్టు మాట్లాడొచ్చు, కట్టిన ఫీజు వెనక్కి రాకపోవచ్చు. ఊళ్లో పాత హైస్కూలు టీచరు ఎవరైనా సాయంత్రం గంట చెప్పడానికి ఒప్పుకుంటే చదువూ నడుస్తుంది, పాత స్నేహితులూ కనిపిస్తారు. మార్కులు తగ్గొచ్చు. అయినా నాకు ఎక్కువ మొగ్గు ఇటే.

రెండోది, కొన్ని షరతులతో హాస్టల్‌కి తిరిగి పంపడం. పాప తనంతట తాను వెళ్తానంటేనే, డాక్టరు సరేనంటేనే. సెక్షన్ మార్పు మీద, ఆ పేరు పెట్టి పిలవడం మీద, రాత్రి పదింటికి పడుకోనివ్వడం మీద ప్రిన్సిపాల్ ఒప్పుకోవాలి. వార్డెన్‌కి విషయం తెలియాలి. రోజూ మీతో ఫోన్‌లో మాట్లాడనివ్వాలి. ఫీజు, ఏడాది రెండూ కలిసొస్తాయి. కానీ నోటితో ఒప్పుకున్నవి అక్కడ అమలవుతున్నాయా లేదా అన్నది మీరు ఇంట్లో కూర్చుని చూడలేరు, మందు వేసుకుంటోందో లేదో కూడా. ఆ నోట్‌బుక్ చూశాక నాకు ఈ దారి మీద ధైర్యం చాలడం లేదు.

మూడోది ఈసారి పరీక్ష వదిలెయ్యడం. డాక్టరు విశ్రాంతి కావాలంటే అదే చెయ్యండి. మార్చిలో రాయలేకపోయినవాళ్లకి ఆ తర్వాత రెండు మూడు నెలల్లోపే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది, అది రాసి అదే ఏడు ఇంటర్లో చేరొచ్చు. అదీ కుదరకపోతే ఓపెన్ స్కూల్ ఉంది. నష్టమేంటంటే, తోటివాళ్లంతా రాస్తుంటే తను ఇంట్లో ఉండడం కొందరు పిల్లలకి ఇంకో ఓటమిలా అనిపిస్తుంది. అందుకే పాపని అడక్కుండా ఇది మీరు తేల్చేయకూడదు. నిజానికి మూడింటిలో ఏదైనా పాపని కూర్చోబెట్టుకుని, "నీకేం అనిపిస్తోంది" అని అడిగాకే. తొమ్మిదిలో చేర్చేటప్పుడు ఎవరూ అడగలేదు కదా.

మీవారితో ఎలా మాట్లాడాలని చివరి పేజీలో అడిగారు. ఆయన పిల్లని తక్కువ చెయ్యడం లేదు, భయపడుతున్నారు. అప్పు ఆయన తల మీద ఉంది, పిల్ల చదువు ఆగిపోతే ఆ అప్పుకి అర్థం లేదనిపిస్తుంది. అమ్మ పోయిన దుఃఖం ఆయనకీ ఉంది. అది కూడా ఎవరూ అడిగి ఉండరు. "మీ వల్లే" అని మొదలుపెడితే "నీ రక్తం వల్లే" అని జవాబు వస్తుంది, ఇద్దరూ అక్కడే ఆగిపోతారు. నోట్‌బుక్ పేజీ ఆయన చేతికివ్వండి. చదివాక, "పరీక్ష సంగతి తర్వాత చూద్దాం, ముందు ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం" అనండి. బద్ధకమని ఆయన అనుకుంటున్నది జబ్బు లక్షణమని డాక్టరు నోట వింటే మగవాళ్లు తొందరగా నమ్ముతారు, ఇది నేను చాలా ఇళ్లలో చూశాను.

రోజులు ఎలా గడవాలంటే, పొద్దున ఒక వేళకి లేపండి, గంటల తరబడి పడుకోనివ్వకండి, అలాగని దుప్పటి లాగి తిట్టకండి. సాయంత్రం మీతో పాటు పాల కేంద్రం దాకా నడిపించండి. తిన్నంతే పెట్టండి, లెక్కలు చెప్పొద్దు. పాత ఖోఖో జట్టులో ఒక స్నేహితురాలు ఇంటికొస్తే మీరు అటూ ఇటూ తిరక్కుండా వాళ్లని వదిలెయ్యండి. ఒక వారం బాగుండి, ఇంకో వారం మళ్లీ గదిలోంచి రాకపోవచ్చు. కోలుకోవడం ఇలాగే ఉంటుంది, మందు పనిచెయ్యలేదని డాక్టర్లని మార్చుకుంటూ పోకండి.

ఒక తేదీ మాత్రం ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. పరీక్ష రాస్తే, ఫలితాలు వచ్చే రోజు. ఆ రోజూ, తర్వాత రెండు రోజులూ మీరో మీవారో ఇంట్లోనే ఉండండి. మార్కులు పాప కంటే ముందు బంధువులు ఫోన్‌లో చూసి ఫోన్లు చేస్తారు, హాల్ టికెట్ నంబరు ఎవరికీ ఇవ్వకండి. ఎన్ని వచ్చినా ఆ రోజు మధ్యాహ్నం ఏం వండాలో ముందు రోజే పాపని అడిగి పెట్టుకోండి. ఫెయిలైతే సప్లిమెంటరీ ఫీజు ఎప్పటిలోగా కట్టాలో కనుక్కోండి, ఆ పని మీవారికి అప్పగించండి.